ఎవరి చేతిలోంచి

స్ప్రింగు ఎగిరినప్పుడు కోడలు కౌంటరు అద్దం తుడుస్తోంది. సన్నగా "టింగ్"మన్న చప్పుడు విని తలెత్తింది. మామగారు పిస్తోలు మీద బొటనవేలు నొక్కిపెట్టి అలాగే కూర్చుని ఉన్నాడు. ఆ వేలి కింద ఉండాల్సింది అప్పటికే లేచిపోయింది. ఫ్యాను రెక్కకి తగిలిందో, గోడకి తగిలిందో, ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

ఆయన ఆమె వైపు చూడలేదు. దుకాణం చివర కొడుకు కూర్చునే బల్ల వైపు చూశాడు. కొడుకు లేడు, టీ తేవడానికి వీధి మలుపు దాకా వెళ్ళాడు. అప్పుడు ఆయన చెప్పు సర్దుకునేవాడిలా వంగి, బల్ల కింద పరిచిన తెల్ల దుప్పటిని చేత్తో ఓసారి తడిమి, లేచి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అరె, ఎగిరిపోయిందమ్మా, ఇలా వచ్చి చూడు" అంటాడేమోనని కోడలు తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది.

అనలేదు.

టైలరు పక్కన తుపాకుల రిపేరు అంటే ఆ చుట్టుపక్కల ఎవరైనా దారి చూపిస్తారు. లైసెన్సున్నవాళ్ళ పిస్తోళ్ళు, బ్యాంకు గార్డుల తుపాకులు, షూటింగ్ క్లబ్బువాళ్ళవి, అన్నీ అక్కడికే వస్తాయి. తండ్రి పెద్దమేస్త్రి, కొడుకు చిన్నమేస్త్రి. కోడలు పొద్దునా సాయంత్రం స్కూలు వ్యాను నడుపుతుంది, మధ్యలో కౌంటరు చూస్తుంది. పిస్తోలు విప్పడంలో అసలు పేచీ ఇనుముతో కాదనీ, లోపల ముడుచుకుని కూర్చున్న స్ప్రింగులతోననీ ఆమెకి ఆ కౌంటరు దగ్గరే తెలిసింది. పెద్దవి ఎగిరితే దెబ్బ తగులుతుంది. చిన్నవి ఎగిరితే దొరకవు. అందుకే చిన్నమేస్త్రి పిస్తోలునీ తన రెండు చేతుల్నీ ఓ పెద్ద ప్లాస్టిక్ కవరులోకి దూర్చి విప్పుతాడు. ఏది ఎగిరినా కవరు దాటి పోదు. ఆ కవరు చూస్తే తండ్రికి ఒళ్ళుమంట. "మేస్త్రివా, పొట్లాలు కట్టేవాడివా?" అంటాడు.

చిన్నమేస్త్రి టీ గ్లాసులతో లోపలికి వచ్చాడు. తండ్రి గ్లాసు ఎప్పటిలాగే సగమే పోయించుకొచ్చాడు.

"ఈ స్ప్రింగుల ట్రే ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు పెద్దమేస్త్రి.

"పొద్దున బల్ల తుడుస్తూ నేనే పక్కకి జరిపాను నాన్నా."

"జరిపావు. భేషుగ్గా జరిపావు. క్లబ్బు కోచ్‌గారి పిస్తోలు సేఫ్టీ స్ప్రింగు కూడా దాంతోపాటే జరిగిపోయింది. ఇప్పుడు ఎక్కణ్ణించి తేను? నీ చెయ్యి పడితే చాలు, ఉన్న వస్తువు లేకుండా పోతుంది."

పక్క దుకాణం టైలరు టేపు మెడలో వేసుకుని గుమ్మంలోంచి తొంగి చూశాడు. వినేవాడు దొరకగానే పెద్దమేస్త్రి గొంతు ఇంకాస్త లేచింది. "పెళ్ళయి పిల్లకి తండ్రయ్యాడు, స్ప్రింగు పట్టుకోవడం మాత్రం రాలేదు వీడికి. నా తర్వాత ఈ దుకాణానికి తాళం వేసుకోవడమే."

చిన్నమేస్త్రి గ్లాసు తండ్రి చేతికి అందేచోట పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, దారానికి కట్టిన అయస్కాంతాన్ని బల్ల కింద మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. దానికి ఇనుప రజను తప్ప ఏమీ అంటుకోలేదు.

కోడలికి చెవులు వేడెక్కాయి. నడిరోడ్డు మీద లారీ డ్రైవర్లతో తగాదా పడి, వాళ్ళచేత బండి వెనక్కి తీయించిన మనిషి ఆమె. మామగారిని నలుగురి ముందూ నిలదీయడం చేతకాక కాదు. స్ప్రింగు ముందు దొరకనీ అనుకుంది. దొరికాక ఆయన అరచేతిలో పెట్టి ఊరుకుంటే చాలు, గొంతు పెంచక్కర్లేదు.

భోజనాలయ్యాక స్టూలు వేసుకుని బీరువా మీదా, గడియారం వెనకా, కిటికీ చువ్వల మధ్యా వెతికింది. దొరకలేదు. ఈలోగా పెద్దమేస్త్రి పాత స్ప్రింగుల డబ్బాలోంచి ఒకటి ఏరి, కటింగ్ ప్లేయరుతో కత్తిరించి, పిస్తోల్లో బిగించాడు. ట్రిగ్గరుని కదలనివ్వకుండా ఆపే సేఫ్టీ మీటని పైకీ కిందికీ ఆడించాడు. టక్కు, టక్కు.

"చూశావా, పనంటే ఇదీ" అన్నాడు కొడుకుతో.

చిన్నమేస్త్రి కత్తిరించగా బల్ల మీద మిగిలిన స్ప్రింగు ముక్కని వేలి చివరతో నొక్కి చూశాడు. అది నొక్కినచోటే ఉండిపోయింది. "ఊఁ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, ఇంట్లో ఇంకా కాఫీలు కాకముందే, పెద్దమేస్త్రి కొడుకుని లేత్ షాపుకి తరిమాడు. బ్యాంకువాళ్ళ తుపాకీ మరలు అక్కడ తయారవుతున్నాయి, దగ్గరుండి చేయించుకురమ్మన్నాడు.

"దుకాణం తెరిచి వెళ్తాను నాన్నా."

"నేను తెరవలేనా? చేతులు పడిపోయాయా నాకు?"

చిన్నమేస్త్రి గుమ్మంలో చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు. తర్వాత వెళ్ళాడు.

కోడలు పిల్లల్ని స్కూల్లో దింపి దుకాణానికి వచ్చేసరికి షూటింగ్ క్లబ్బు కోచ్ వచ్చి కూర్చుని ఉంది. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, ఎప్పుడూ మడిచే ఉండే చొక్కా చేతులు. తన వస్తువు కోసం ఒకరోజు ముందే రావడం ఆవిడ అలవాటు.

"అయిపోయిందమ్మా మీది" అన్నాడు పెద్దమేస్త్రి. "మావాడు స్ప్రింగు పోగొట్టాడు. నేను వేరేది వేసి సర్దాను."

"మీరున్నారు కాబట్టి సరిపోయింది" అంది కోచ్.

కోడలే పిస్తోలు ఖాళీగా ఉందో లేదో చూసి, పెట్టెలో పెట్టి ఆవిడ చేతికిచ్చింది. కొడుకే పోగొట్టాడన్న మాట మామగారు ఎంత తేలిగ్గా అన్నాడు! చెప్పి చెప్పి ఆయనే నమ్మేసినట్టున్నాడు.

కోచ్ వెళ్ళాక ఆయన ఆ పొద్దునే వచ్చిన ఒక గార్డు పిస్తోలు ముందేసుకున్నాడు. పాతకాలం రకం. దాని గొట్టం కింద పెద్ద స్ప్రింగు, దాని మూతిమీద ఇనుప మూత. ఆ మూతని బొటనవేలితో లోపలికి నొక్కిపట్టి పక్కనే గొట్టం మూతికున్న ఇనుప చుట్టుని తిప్పాలి. వేలు జారిందంటే వడిసెల రాయే.

"కవరు ఇవ్వనా మావయ్యా?"

"నాకెందుకమ్మా?"

మూత మీద బొటనవేలు పెట్టాడు. గోరు తెల్లబడింది. గోరుతోపాటు వేలూ, వేలితోపాటు మణికట్టూ సన్నగా అదరడం కోడలు చూసింది. చలికి వణికినట్టు లేదది. ఇంజను ఆగబోయే ముందు బండి అదిరినట్టుంది. ఆమె నోరు తెరిచేలోపే మూత లేచింది. ఆయన కనుబొమ మీద గీసుకుని, పైన ట్యూబులైటుని పగలగొట్టి, ఎక్కడో గాజుపెంకుల్లో పడింది.

టైలరు కుట్టుమిషను వదిలి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది మేస్త్రిగారూ? పేలిందా?"

"పేలడమేంటి. మావాడు నిన్న నూనె ఎక్కువ పట్టించాడు. వేలు జారింది."

కోడలు దూదితో ఆయన కనుబొమని అదుముతోంది. ఇంకో అంగుళం కిందికి తగిలితే కన్ను ఉండేది కాదు. టైలరు వెళ్ళేదాకా ఆగి, మెల్లగా అంది: "ఆ పిస్తోలు నిన్న అసలు మన దగ్గరికి రాలేదు మావయ్యా."

పెద్దమేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. "దూది ఇంకాస్త గట్టిగా నొక్కమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం ఆమె వ్యాను తీసుకుని నేరుగా లేత్ షాపుకి వెళ్ళింది. భర్త మరలున్న పొట్లం పట్టుకుని బయట నిలబడి ఉన్నాడు. ఎక్కించుకుంది. గేరు మార్చేలోపే మొదలుపెట్టింది.

"నిన్న ఆ స్ప్రింగు ఎగిరింది మీ నాన్న చేతిలోంచి. నా కళ్ళతో చూశాను. ఇవాళ మూత ఎగిరి మొహం గీరుకుంది, అదీ నీ నెత్తినే రుద్దారు. నువ్వు అన్నీ పడుతూ ఆ అయస్కాంతం పట్టుకుని నేలమీద పాకుతావు. ఏం మనిషివి నువ్వు? ఒక్కసారి, నేను కాదు అనలేవా?"

"కంటికి తగిలిందా?" అన్నాడు అతను.

"కనుబొమకి. నా మాట వింటున్నావా?"

"వింటున్నా. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆయన చెయ్యి సంగతి. వణకడం మొదలై చాలాకాలమైంది. అందుకే సగం గ్లాసు టీ. అందుకే పొద్దున్నే నేను దుకాణం తెరిచేది. ఆయన స్నానం చేసి వచ్చేలోపు ముందురోజు ఆయన చేసినవన్నీ విప్పి, చూసి, మళ్ళీ బిగించి పెడతాను."

ఆమె వ్యానుని రోడ్డు పక్కకి తీసి ఆపింది. వెనక ఎవడో హారను కొట్టాడు. ఎప్పుడూ అయితే కిటికీలోంచి తల బయటపెట్టి సమాధానం చెప్పేది. ఇప్పుడు చెప్పలేదు. ఇన్నాళ్ళూ పక్కనే పడుకుని లేచే మనిషి పొద్దున్నే ఎందుకు పరిగెత్తుతాడో ఒక్కసారీ అడగలేదు. బద్ధకం లేనివాడు అనుకుంది, అంతే. మెతకవాడని జాలిపడింది కూడా.

"మేస్త్రి అన్న మాట ఒక్కటే ఆయనకి మిగిలింది" అన్నాడు భర్త. "అదీ పోతే మంచం ఎక్కేస్తారు. నాలుగు తిట్లు తింటే నాకేం అరిగిపోతుంది? కోచ్‌గారి పిస్తోలు కూడా ఇవాళ పొద్దున చూద్దామనుకున్నా. ఆయనేమో ఇటు తరిమారు. సాయంత్రం చూస్తాలే. ఆ ముక్క స్ప్రింగులో పస లేదు."

"అది ఇక్కడెక్కడుంది? పొద్దున్నే పట్టుకెళ్ళిపోయింది. నేనే ఇచ్చాను."

"క్లబ్బుకి పోనీ" అన్నాడు అతను. ఆమె ఇంకేమీ అడగకుండా వ్యాను తిప్పింది.

క్లబ్బులో మైదానం ఖాళీగానే ఉంది. కొత్తగా చేరిన పిల్లల బ్యాచి ఇంకా రాలేదు. కోచ్ బల్ల మీద పిస్తోళ్ళు వరసగా పేర్చుకుంటోంది. చిన్నమేస్త్రి రొప్పుతూ వెళ్ళి, అడిగి, తమ దగ్గర్నుంచి వచ్చినదాన్ని తీసుకున్నాడు. ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గొట్టాన్ని ఇసకబస్తాల వైపు తిప్పి, సేఫ్టీ వేశాడు. అరచేత్తో పిడిని ఒక్కటి తట్టాడు. మీట దానంతటదే కిందికి జారింది. ట్రిగ్గరు నొక్కితే సుత్తి "టక్"మని పడింది.

కోచ్ ఆ చప్పుడుకి కదల్లేదు. తర్వాత పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంకాసేపట్లో ఇది పన్నెండేళ్ళ పిల్ల చేతిలో పెట్టేదాన్ని" అంది. "ఎవరి పనండీ ఇది?"

"నాదే" అన్నాడు చిన్నమేస్త్రి.

కోడలు అతని వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు.

"అనుకున్నా" అంది కోచ్. "పెద్దాయన సర్దానన్నా, మళ్ళీ మీరు కెలికి ఉంటారు. వినండి. ఇకనుంచి మా క్లబ్బు పిస్తోళ్ళు ఆయన తప్ప ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు. రేపు రెండు తెస్తాను. ఆయన చేస్తుంటే నేను పక్కన కూర్చుని చూస్తాను."

తిరిగి వస్తుంటే, స్కూలు వీధి మలుపు దగ్గర కోడలే అంది: "తిట్లు తినడమే అనుకున్నావు కదా. ఇప్పుడేమైందో చూశావా? నీ అబద్ధం పుణ్యమా అని ఆ పిల్లల పిస్తోళ్ళన్నీ ఇక ఆ వణికే చేతికే వెళ్తాయి. నువ్వు విప్పి చూడ్డానికి కూడా లేదు, పక్కన ఆవిడ కూర్చుంటుంది."

అతను మరల పొట్లాన్ని ఒళ్ళో తిప్పుతూ కూర్చున్నాడు. "నేను చెప్పలేను" అన్నాడు చివరికి. "మా నాన్నతో ఆ మాట అనలేను."

"అయితే నాకు వదిలెయ్."

"అరవకు ఆయన మీద."

"నేనెందుకు అరుస్తాను? అరిచేవాళ్ళు ఇంట్లో ఉన్నారుగా."

అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. దాంతో ఆమెకి ధైర్యం వచ్చింది.

మర్నాడు పొద్దున దుకాణం తలుపు ఆమే తెరిచింది. పెద్దమేస్త్రి కనుబొమకి అంటించిన పట్టీతో వచ్చి, పగిలిన ట్యూబులైటు వైపు చూడకుండా, తన బల్ల దగ్గర కూర్చున్నాడు. చిన్నమేస్త్రి బయట మెట్లు ఊడుస్తున్నాడు. నిన్న ఊడ్చిన మెట్లే, వాటికంత ఊడ్పు అక్కర్లేదు.

"మావయ్యా" అంది ఆమె, కౌంటరు దాటి వచ్చి. "కోచ్‌గారి పిస్తోలు నిన్న క్లబ్బులో సేఫ్టీ నిలవలేదు. తడితే జారిపోయింది. సుత్తి పడింది."

ఆయన చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది. "ఎవరికైనా..."

"ఎవరికీ ఏం కాలేదు. పిల్లలు ఇంకా రాలేదు. ఖాళీ పిస్తోలు."

ఆయన అడిగాడు: "వాడేమన్నాడు?"

"తన పనే అన్నాడు."

బయట చీపురు చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"స్ప్రింగు మీ చేతిలోంచి ఎగరడం నేను చూశాను మావయ్యా. ఆ మాట టైలరుకి చెప్పలేదు, కోచ్‌గారికీ చెప్పలేదు. మీకే చెప్తున్నాను. ఆవిడ ఇవాళ రెండు పిస్తోళ్ళు తెస్తోంది. మీరే చెయ్యాలట. పక్కన కూర్చుని చూస్తుందట."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"నాకు వ్యాను నడపడం తెలుసు, మీ పని తెలీదు. బ్రేకు సరిగా పట్టని రోజున నేను బండిలోకి పిల్లల్ని ఎక్కించను. అంతే నాకు తెలిసింది."

ఆయన ఏదో అనబోయాడు. అలవాటైన తిట్టు ఏదైనా వస్తుందేమోనని ఆమె కాచుకుని నిలబడింది. రాలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

కోచ్ చెప్పినట్టే వచ్చింది. పెట్టె బల్ల మీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చుంది. చిన్నమేస్త్రిని పలకరించలేదు. టైలరు కూడా ఏదో పనున్నట్టు వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

పెద్దమేస్త్రి మొదటి పిస్తోలు తీసి ఖాళీ చూసి, ఎడమచేతిలో సర్దుకున్నాడు. బొటనవేలు మూత మీద పెట్టాడు. గోరు తెల్లబడింది. అప్పుడు చిన్నమేస్త్రి తన బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. రెండు అరచేతులూ దోసిలిలా తండ్రి మొహానికీ పిస్తోలుకీ మధ్య అడ్డం పెట్టాడు. ఎగిరితే తన చేతికే తగిలేలా.

పెద్దమేస్త్రి ఆ చేతుల్ని చూశాడు. కుడి అరచేతిలో బొటనవేలి మొదట్లో పాత దెబ్బల మచ్చలు ఉన్నాయి. అవన్నీ కొడుకు చేతకానితనానికి గుర్తులని ఎన్నిసార్లు ఎందరికి చూపించాడో!

బొటనవేలు తీసేశాడు.

"ఆ కవరు పట్రా."

చిన్నమేస్త్రి కవరు తెచ్చి, తండ్రి చేతులు పట్టేలా నోరు తెరిచి పట్టుకున్నాడు.

"నాకు కాదురా. నువ్వు కూర్చో ఇక్కడ."

"అదేంటండీ?" అంది కోచ్. "నేను మిమ్మల్నే చెయ్యమన్నాను."

"మొన్న స్ప్రింగు పోయింది నా చేతిలోంచమ్మా. ముక్క కోసి పెట్టిందీ నేనే. వాడు మీతో నిన్న అబద్ధమాడాడు, నేను అంతకుముందే ఆడాను. వాడి అబద్ధం నా కోసం. నాది కూడా నా కోసమే." ఆయన కుర్చీలోంచి లేచాడు. కుడిచేతిని అందరికీ కనిపించేలా చాపాడు. అది గాలిలో నిలవలేదు. "ఇదీ సంగతి."

గుమ్మంలో టైలరు టేపుని వేలికి చుట్టుకుంటూ నేలచూపులు చూశాడు. కోచ్ ఆ చేతిని చూసింది, తర్వాత కొడుకుని చూసింది.

"నా దగ్గరికి వచ్చేది ఊళ్ళోవాళ్ళ పిల్లలు మేస్త్రిగారూ" అంది. "ఇది నేను మర్చిపోను."

"మర్చిపోవద్దు."

ఆవిడ లేచి వెళ్ళిపోతుందేమోననుకుంది కోడలు. ఆవిడ కుర్చీని మాత్రం రెండు జానలు పక్కకి జరుపుకుంది, చిన్నమేస్త్రి చేతులు కనపడేలా. "కానివ్వండి" అంది.

చిన్నమేస్త్రి తండ్రి కుర్చీ అంచున కూర్చున్నాడు. కవరులో చేతులు దూర్చాడు. మూతని అదిమి, చుట్టుని తిప్పి, వేలిని కొద్దికొద్దిగా సడలిస్తూ స్ప్రింగుని బయటికి రానిచ్చాడు. అది పిల్లిలా ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి అతని అరచేతిలో పడుకుంది. లోపలి చిన్నదాన్ని తీస్తున్నప్పుడు మాత్రం చటుక్కున జారి కవరులో టపటపా కొట్టుకుంది. దుకాణంలో అందరూ పెద్దమేస్త్రి వైపు చూశారు. ఆయన నోరు కదిలింది, మాట రాలేదు. చిన్నమేస్త్రి కవరు మూలలోంచి స్ప్రింగుని వేళ్ళతో పట్టి తీశాడు.

రెండు పిస్తోళ్ళూ అయ్యాక కోచ్ ఒక్కోదాన్నీ తనే తట్టి, నొక్కి, మళ్ళీ తట్టి చూసుకుంది. వెళ్తూ వెళ్తూ "వచ్చేవారం మిగతావి తెస్తాను, చిన్నమేస్త్రిగారూ" అంది. ఆ గారు ఆ దుకాణంలో అతనికి కొత్త.

టైలరు కూడా వెళ్ళిపోయాక పెద్దమేస్త్రి కొడుకు బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏంటి నాన్నా?"

"పొద్దున్నే వచ్చి నా పని విప్పి చూడటం. మరల తలల మీద కొత్త గీతలు పడితే నాకు కనపడవనుకున్నావా?"

చిన్నమేస్త్రి కవరు మడత పెడుతున్నాడు.

"మీ తాత పని నేనూ అలాగే విప్పి చూసేవాణ్ణి" అన్నాడు పెద్దమేస్త్రి. "చివరి రోజుల్లో ఆయనకి చూపు ఆనేది కాదు. నన్నే తిట్టేవాడు. వీధి వీధంతా వినేలా."

కోడలికి ఇక ఆగలేదు. "ఆ తిట్లు ఎలా ఉంటాయో తెలిసీ ఎందుకు తిట్టారు మావయ్యా?"

ఆయన తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకున్నాడు, ఎవరిదో వస్తువు చూస్తున్నట్టు.

"తిడుతున్నంతసేపూ ఇది వణకదమ్మా" అన్నాడు.

చిన్నమేస్త్రి లేచి తండ్రి కుర్చీని ఆయన వైపు జరిపాడు. ఆయన తల అడ్డంగా ఊపి, కౌంటరు వైపు నడిచాడు. అక్కడి ఎత్తు స్టూలు మీద ఎక్కి కూర్చుని, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ఇబ్బంది పడ్డాడు.

"ఇక్కడ ఏం చెయ్యాలి?"

"ఎవరైనా వస్తే కూర్చోండి అనాలి" అంది కోడలు.

"తర్వాత?"

"ఏం కావాలో వాళ్ళు చెప్తారు. మీరు వినాలి."

"అంతేనా?"

"అదే మీకు కష్టం మావయ్యా."

బల్ల దగ్గర చిన్నమేస్త్రి పక్కకి తిరిగి నవ్వాడు. పెద్దమేస్త్రి అది చూసి కూడా చూడనట్టే ఊరుకున్నాడు. అద్దం మీద వేలిముద్రలేవో కనిపిస్తే చొక్కా అంచుతో తుడిచాడు. ఇంతలో బ్యాంకు గార్డు ఒకడు భుజాన సంచితో మెట్లెక్కి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు గుమ్మంలో ఆగాడు.

"కూర్చోండి!" అని ఉరిమాడు పెద్దమేస్త్రి.

గార్డు ఉలిక్కిపడి, సంచి ఒళ్ళో పెట్టుకుని, అందినచోట కూర్చుండిపోయాడు. పెద్దమేస్త్రి కోడలి వైపు చూశాడు. ఆమె చేత్తో కిందికి, కిందికి అని సైగ చేసింది. ఆయన గొంతు సవరించుకుని, జీవితంలో మొదటిసారి ఆ మాట అంటున్నవాడిలా, మెల్లగా అడిగాడు:

"చెప్పండి. వింటున్నాను."